మా ఆయన ఏడీ?

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

అమెరికన్ సినిమాల్లో నల్లజాతి తల్లుల గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. శ్రద్ధగా చూశావు, శ్రద్ధగా రాశావు. ఇంతకుమించి మెచ్చుకోలు ఈ ఉత్తరంలో ఉండదు, ఎందుకంటే నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను, ఆ తర్వాతి పేజీలన్నీ అది గొంతులో అడ్డుపడి ఉండగానే చదివాను. "తరతరాల బాధను మౌనంగా మోసిన నల్లజాతి తల్లి సహనమూర్తి, ఆమె ఓర్పే ఆ కుటుంబానికి ఊపిరి" అన్నావు. ప్రేమతోనే అన్నావని నాకు తెలుసు. అయినా ఆ ‘సహనమూర్తి’ అనే మాటను కొట్టెయ్యమని చెప్పడానికే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

నేను డెట్రాయిట్ వచ్చింది 1976లో. ఒక ఆసుపత్రి ల్యాబులో రాత్రి షిఫ్టు ఉద్యోగం దొరికింది. నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద, నల్లజాతి మనిషి, నలుగురు పిల్లల తల్లి. రక్తం సీసాల మీద చీటీలు ఎలా అంటించాలన్న దగ్గర్నుంచి, మంచులో కారు జారితే స్టీరింగు ఎటు తిప్పాలన్న దాకా అన్నీ ఆవిడే నేర్పింది. రెండేళ్ల తర్వాత ఆవిడ మీద ఒక కథ రాశాను. నా కథలో ఆమె ఒంటరి. రాత్రంతా నిలబడి పనిచేసి, తెల్లారాక చీకటిగా ఉన్న ఇంటికి వెళ్లి, నిద్రపోతున్న పిల్లల దుప్పట్లు సర్ది, కిటికీ దగ్గర నిలబడి కురుస్తున్న మంచును చూస్తుంది. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. కథ మన పత్రికలో అచ్చయింది, పాఠకుల ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. సంతోషం పట్టలేక ఒక రాత్రి ఆవిడకు ఆ కథంతా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, చేతి తొడుగులు విప్పుతూ, "ఇందులో మా ఆయన ఏడీ?" అని అడిగింది.

ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ప్రతి ఉదయం మా షిఫ్టు దిగే వేళకు ఆసుపత్రి వెనక గేటు దగ్గర, ఇంజను ఆపకుండా, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని ఆవిడ కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. జనవరి నెలలో నా కారు అద్దం మీద గడ్డకట్టిన మంచును కూడా నేను అడగకుండానే గీకి పెట్టేవాడు. రెండేళ్లపాటు రోజూ చూసిన ఆ మనిషి నా కథలోకి రాలేదు. అబద్ధం రాయాలని నేను కూర్చోలేదు. కలం పట్టేసరికి పక్క బల్ల దగ్గరి మనిషి తప్పుకుంది, అప్పటిదాకా నేను చూసిన సినిమాల్లోని ఆమె వచ్చి ఆ చోట నిలబడింది. ఆ సినిమాల్లో ఆమెకు భర్త ఉండడు, ఉన్నా ఊసు ఉండదు. ఆవిడ ఆ తర్వాత కూడా నాతో మంచిగానే ఉంది, కాని తన ఇంటి సంగతులు చెప్పడం మానేసింది.

ఆ కథను అచ్చు వేసిన సంపాదకుడికి వెంటనే రాశాను: భర్తను చేర్చి తిరగరాస్తాను, సంకలనంలో ఆ ప్రతినే వెయ్యండి అని. "మొగుడుంటే ఇక కథెక్కడుందమ్మా" అని ఆయన కార్డు ముక్క మీద జవాబిచ్చారు. నేను పెట్టిన పేరు తీసేసి ‘నల్ల సీత’ అని పెట్టింది కూడా ఆయనే. సంకలనం పాత రూపంలోనే వచ్చింది, ఇప్పటికీ అలాగే ఉంది. ఆ కార్డు మీద నాకున్న కోపం ఇన్నేళ్లయినా తగ్గలేదు, తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు, ఎందుకంటే ఆడది ఒంటరిగా ఏడిస్తే తప్ప అది కథ కాదనుకునే సంపాదకులు ఈనాటికీ ఉన్నారు, నీకూ తగులుతారు.

నా కలంలోకి ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చాలా కాలం వెతుక్కున్నాను. 1939 నాటి ‘గాన్ విత్ ద విండ్’ సంగతి నువ్వూ రాశావు. అందులో తెల్లవారి ఇంటి బానిస ఆయాగా నల్లజాతి నటి హాటీ మెక్‌డానియల్ వేసిన పాత్రకు పేరే లేదు. ‘మామీ’ అంటారు, మనవాళ్లు పిల్లల్ని పెంచే మనిషిని ఆయా అన్నట్టు. దాదాపు నాలుగు గంటల సినిమాలో ఆమెకు కన్నబిడ్డలున్నారా అని ఎవరూ అడగరు. యజమానుల చిన్నారి కూతురు చనిపోయాక ఆమె మెట్లెక్కుతూ ఆ ఇంటి దుఃఖాన్ని వాళ్ల బంధువు మెలనీకి ఏడుస్తూ చెబుతుంది. అంత గొప్పగా నటించిన ఆ ఏడుపు మొత్తం యజమానుల బిడ్డ కోసం. అట్లాంటాలో తొలి ప్రదర్శనకు జార్జియా రాష్ట్రపు వర్ణవివక్ష చట్టాల వల్ల ఆమె వెళ్లలేకపోయిందనీ, 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ అందుకున్న రాత్రి కూడా ఆమెను మిగతా తారాగణంతో కాకుండా పక్కగా వేసిన బల్ల దగ్గర కూర్చోబెట్టారనీ నువ్వు సరిగ్గానే రాశావు. దానికి ముందుదొకటి ఉంది. 1923లో వాషింగ్టన్‌లో ‘మామీ’కి, అంటే తెల్లవారి పిల్లల్ని పెంచిన నల్ల ఆయాకు, ఒక స్మారక విగ్రహం కట్టడానికి సెనేట్ ఆమోదం తెలిపింది. మూకలు నల్లవారిని పట్టుకుని చంపడాన్ని కేంద్ర నేరంగా చేసే డయ్యర్ బిల్లును అడ్డుకుని చంపింది కూడా ఆ సెనేటే, అంతకు కొద్ది నెలల ముందే, 1922లో. బిడ్డల ప్రాణం కాపాడే చట్టం ఇవ్వనివాళ్లు తల్లికి రాతి విగ్రహం ఇస్తామన్నారు. నల్లజాతి స్త్రీల సంఘాలూ వాళ్ల పత్రికలూ గట్టిగా ఎదిరించడంతో ఆ విగ్రహం లేవలేదు. ‘సహనమూర్తి’లోని ఆ ‘మూర్తి’ కనపడినప్పుడల్లా నాకు ఆ విగ్రహమే గుర్తొస్తుంది.

ఓర్పును పొగడడం వల్ల నష్టమేమిటని నువ్వు అడగవచ్చు. ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని కాబట్టి చెబుతాను. ఓర్చుకోగలదని పేరు పడిన మనిషి నొప్పి అంటే ఎవరూ త్వరగా నమ్మరు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తెల్లజాతి వైద్య విద్యార్థులనూ శిక్షణలో ఉన్న డాక్టర్లనూ అడిగితే, నల్లవారి చర్మం మందంగా ఉంటుందన్నటువంటి అబద్ధాల్లో కనీసం ఒకదాన్ని సగం మంది నిజమే అన్నారు. అలా నమ్మినవాళ్లు నల్ల రోగి నొప్పిని తక్కువగా అంచనా కట్టారు. గర్భంతో, కాన్పుతో ముడిపడిన కారణాల వల్ల ఈ దేశంలో తెల్ల స్త్రీల కంటే నల్లజాతి స్త్రీలు దాదాపు 3 రెట్లు ఎక్కువగా చనిపోతున్నారు. వీటన్నిటికీ సినిమాయే కారణమని నేను అనను. కాని డాక్టరైనా, జడ్జి అయినా, నాలాంటి కథకురాలైనా ఒక నల్ల తల్లిని మొదట కలిసేది ఎక్కువసార్లు తెర మీదే, ఆ తర్వాతే ఎదురుగా.

ఇక భర్త సంగతి. 1965లో కార్మిక శాఖ అధికారిగా డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ నల్లజాతి కుటుంబంపై ఒక నివేదిక రాశాడు. ఇంటికి తల్లి పెద్ద కావడమే ఆ కుటుంబాలను పట్టిన రోగమన్నట్టు దాన్ని దేశం చదువుకుంది. స్త్రీ పెద్దగా ఉన్న ఇళ్లు దాదాపు నాలుగో వంతు అని ఆ నివేదికలోనే ఉంది. అంటే నాలుగిళ్లలో మూడు అలాంటివి కావు. నా పక్క బల్ల ఆవిడది ఆ మూడిళ్లలో ఒకటి. రాజకీయాలూ సినిమాలూ నాలుగో ఇంటి తలుపు ముందే కాపు కాశాయి. ఆ నాలుగో ఇంటికైనా న్యాయం చేశాయా అంటే అదీ లేదు. ఇంట్లో మగవాడు ఉన్నాడని తేలితే పిల్లల భృతి ఆపేసే నిబంధనలు చాలా రాష్ట్రాల్లో ఉండేవి. అలబామా నిబంధనను సుప్రీంకోర్టు 1968లో కొట్టేసింది. తండ్రి లేని ఇల్లు అని వేలెత్తి చూపిన ప్రభుత్వమే, తండ్రి కనపడితే పాల డబ్బులు ఆపేసింది.

దీన్ని అర్థం చేసుకున్న సినిమా ఒకటుంది, నీ వ్యాసంలో దాని పేరు కూడా లేదు. 1974 నాటి ‘క్లాడీన్’. హార్లెమ్‌లో ఆరుగురు పిల్లల తల్లిగా డయాన్ కారల్, ఆమెను ప్రేమించే చెత్తబండి కార్మికుడిగా జేమ్స్ ఎర్ల్ జోన్స్ నటించారు. సంక్షేమ శాఖ నుంచి తనిఖీ మనిషి వస్తోందని తెలియగానే ఇల్లంతా పరుగులు పెడుతుంది, పిల్లలు తలొక వస్తువూ పట్టుకుని దాచేస్తారు. ఇంట్లో కాస్త మంచి సామాను కనపడినా భృతిలో కోత పడుతుంది. ఆ మగమనిషి కూడా ఆ సామానుతోపాటే దాక్కోవలసి వస్తుంది. ఆ సన్నివేశం చూసి నవ్వాను, నవ్వుతూనే నా కథ గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఆ తల్లి అరుస్తుంది, అబద్ధమాడుతుంది, స్నానం చేసి అలంకరించుకుని ప్రియుడితో బయటికి వెళుతుంది, పెద్ద కూతురిని కొట్టి తర్వాత కూలబడుతుంది. సహనం ఆమెకు ఒక్క పూట కూడా మిగలదు. ఈ సినిమా నేను కథ రాయడానికి నాలుగేళ్ల ముందే వచ్చింది, కాని నేను చూడలేదు.

అప్పటినుంచి ఏ సినిమా చూసినా నేను ఒకటే గమనిస్తాను: కెమెరా ఎవరి ఇంట్లో నిలబడింది? ఆమె పనిచేసే ఇంట్లోనా, ఆమె ఇంట్లోనా? ‘ద హెల్ప్’లో పనిమనిషిగా వేసిన వయోలా డేవిస్ 2018లో ఆ పాత్ర ఒప్పుకున్నందుకు చింతిస్తున్నానని చెప్పింది, చివరికి వినపడింది ఆ పనిమనుషుల గొంతు కాదన్నది ఆమె బాధ. స్పైక్ లీ 1994లో తీసిన ‘క్రుక్లిన్’ చూడు. అక్కడ కెమెరా ఎక్కువసేపు ఆ కుటుంబంతోనే, ఆ ఇంట్లో, ఆ వీధిలో ఉంటుంది. ఐదుగురు పిల్లలు, సంగీతం తప్ప సంపాదన పట్టని తండ్రి, బడి పంతులమ్మ తల్లి, పళ్లెంలో బొబ్బర్లు తిననని మొండికేసిన పిల్లవాడు. ఆ బొబ్బర్ల గొడవ మనింట్లో ఎవరు చూడలేదు చెప్పు?

చార్లెస్ బర్నెట్ తన ‘కిల్లర్ ఆఫ్ షీప్’ను 1977లో విశ్వవిద్యాలయం చదువులో భాగంగా, పదివేల డాలర్లలోపు ఖర్చుతో పూర్తి చేశాడు. పాటల హక్కుల చిక్కు వల్ల అది థియేటర్లకు రావడానికి 2007 దాకా పట్టింది. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటలో, గొర్రెల కబేళాలో పనిచేసే స్టాన్ కుటుంబం కథ. అతని భార్య ఒకచోట గిన్నె మూతను అద్దంలా పట్టుకుని ముఖం చూసుకుంటుంది. మరోచోట ఇద్దరూ కిటికీ దగ్గర, రికార్డు తిరుగుతుండగా, మెల్లగా నాట్యం చేస్తారు. పాట అయ్యాక అతను వదిలించుకుని వెళ్లిపోతాడు, ఆమె ఒక్కతే కిటికీకి ఆనుకుని ఉండిపోతుంది. అలసిన మొగుడు, తాకాలని ఉన్న పెళ్లాం, అంతే. ఇక్కడ నీకొక చిక్కు చూపించాలి. ఆ భార్యకు కూడా సినిమాలో పేరు లేదు, ‘స్టాన్ భార్య’ అనే ఉంటుంది. కాబట్టి పేరు ఉందా లేదా అన్న ఒక్క లెక్కతో ఏ సినిమానూ తేల్చలేవు. మూత పట్టుకున్న ఆ చేతిని చూడాలి.

అలాగని మంచి తల్లులనే చూపించాలని నేను అనడం లేదు. ‘మూన్‌లైట్’లో నయోమీ హారిస్ మాదకద్రవ్యాలకు బానిసైన తల్లి. ఆ పాత్ర వేయడానికి ఆమె మొదట వెనకాడింది. దర్శకుడు బారీ జెంకిన్స్, మూలకథ రాసిన టారెల్ మెక్‌క్రేనీ ఇద్దరి తల్లులూ ఆ వ్యసనంలో నలిగినవాళ్లే, అందుకే ఆమె మనకు మొదట ఆసుపత్రి నర్సు దుస్తుల్లో, ఉద్యోగం చేసుకుంటూ కనపడుతుంది. చివర్లో ఎదిగిన కొడుకు వచ్చి ఎదురుగా కూర్చుని ఆమె సిగరెట్టు వెలిగించి పెడతాడు. ఆ తల్లిని నువ్వు ఒకే వాక్యంలో ‘చెడ్డ తల్లి’ల వరుసలో చేర్చి ముందుకు వెళ్లిపోయావు. ఈ వరుసలూ, పది సినిమాల జాబితాలూ, చివర నక్షత్రాలూ ఈమధ్య వచ్చిన ఫ్యాషన్. ‘ప్రాతినిధ్యం’ అన్న మాటను కిరాణా పద్దులా మార్చేశారు. ఆరో పేజీలోని నీ అవార్డుల పట్టిక మొత్తం తీసెయ్యి.

నువ్వడిగిన తక్కిన ప్రశ్నలు అలాగే ఉండనీ. నన్ను కదిలించినది వ్యాసంలో లేదు, వ్యాసంతోపాటు పెట్టిన ఉత్తరంలో ఉంది. అట్లాంటాలో మీ పై అంతస్తులో ఉండే నల్లజాతి కుటుంబంతో కలిసి వాళ్లింట్లో ‘టిల్’ చూశానన్నావు. 1955లో మిసిసిపీలో పధ్నాలుగేళ్ల కొడుకును చంపేస్తే, లోకమంతా చూడాలని షికాగోలో శవపేటిక మూత తెరిపించి ఉంచిన మేమీ టిల్ కథ అది. దర్శకురాలు చినోన్యే చుక్వూ ఆ హింసను తెర మీద చూపించనంది. కోర్టులో తల్లి సాక్ష్యం చెప్పేటప్పుడు కెమెరా ఆమె ముఖం మీద నుంచి చాలాసేపు కదలదు. శవపేటిక మూత తెరిపించిన స్త్రీని సహనమూర్తి అనగలవా? సినిమా మధ్యలో మీ పై ఇంటావిడ లేచి లోపలికి వెళ్లి, నిద్రపోతున్న కొడుకును ఒకసారి చూసి వచ్చిందని రెండు ముక్కల్లో రాశావు. ఇంత మాట ఉత్తరంలో పెట్టి, వ్యాసంలో ఓర్పు గురించి పేజీలు నింపావేమమ్మా?

అక్కడినుంచి మొదలుపెట్టి తిరగరాయి. ఆవిడ లేచినప్పుడు సినిమా ఆపారా, నడుస్తూనే ఉందా? అప్పుడు తెర మీద ఏముంది? తిరిగి వచ్చి పాత చోటనే కూర్చుందా? ఆవిడ భర్త ఆ సాయంత్రం ఇంట్లోనే ఉన్నాడా? ఉంటే ఎక్కడ కూర్చున్నాడో రాయడం మరిచిపోకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మలాంటి మనిషి
డెట్రాయిట్