చెన్నై దగ్గర సముద్రపు రాళ్లను మామూలు కెమెరాతో ఫోటో తీయడం ఎలా?

మెరీనాలో అంతా ఇసుకే కాబట్టి మహాబలిపురం వెళ్లండి, తీర దేవాలయం చుట్టుపక్కల అలలు తగిలే నల్లటి రాళ్లు బాగా దొరుకుతాయి. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు, అందుకని తెల్లారేసరికి అక్కడుండాలి, ఎనిమిది దాటాక సూర్యుడు పైకెక్కేకొద్దీ రాయి మీద గీతలూ గుంటలూ అంతగా కనపడవు.

అసలు కిటుకు నిలబడే చోటులో ఉంది. సూర్యుడికి ఎదురుగా తీస్తే రాయి నల్లటి ముద్దలా వస్తుంది, వీపు వెనక సూర్యుణ్ణి పెట్టుకుంటే చదునుగా వస్తుంది. అదే ఉత్తరం వైపో దక్షిణం వైపో తిరిగి తీస్తే వెలుగు పక్క నుంచి పడి, రాయి గరుకంతా పైకి తేలుతుంది. ఇది ఫోన్ కెమెరాకీ పనిచేస్తుంది.

తడి రాయి నలుపు, నురగ తెలుపు, ఆటో మోడ్‌లో కెమెరా తికమకపడి నురగని పూర్తిగా తెల్లగా చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 0.7 దగ్గర పెట్టండి.

నీళ్లు పొగలా కావాలంటే షటర్ అర సెకను తెరిచి ఉండేలా పెడితే చాలు, కానీ చేత్తో పట్టుకుంటే కదిలిపోతుంది, ట్రైపాడ్ లేకపోతే పొడిగా ఉన్న రాయి మీద గుడ్డ సంచి పెట్టి కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్ వాడండి. డిజిటల్ జూమ్ వద్దు, దగ్గరికి నడవండి.

నాచు పట్టిన రాయి ఎక్కొద్దు, సముద్రానికి వీపు పెట్టొద్దు. ఇంటికొచ్చాక కెమెరా మీద పడ్డ ఉప్పు తుంపరని కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి.