దెయ్యం పొరుగింటి భాష మాట్లాడాలి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, నువ్వు పంపిన స్క్రిప్టును రెండుసార్లు చదివాను. చిత్తూరుకు దగ్గర్లో ఒక పాత మిద్దె, పెళ్లి పనుల కోసం అందులో దిగిన ఉమ్మడి కుటుంబం, తాళం వేసిన ఒక గది, రాత్రయితే వినిపించే గజ్జెల చప్పుడు, ఇవన్నీ చూడగానే నీ మనసులో ఏ సినిమా ఉందో నాకు అర్థమైంది. ఉత్తరం చివర నువ్వే ఆ పేరు రాశావు. ‘చంద్రముఖి’ టీవీలో ఎప్పుడు వచ్చినా మీ ఇంట్లో అందరూ పనులు ఆపుకుని కూర్చుంటారని, కథ మొత్తం తెలిసినా అదే చోట నవ్వు, అదే చోట భయం ఎందుకు పుడతాయో అంతుబట్టడం లేదని అన్నావు. నీ స్క్రిప్టులోని లోపానికి మందు ఆ ప్రశ్నలోనే ఉంది కాబట్టి ముందుగా దాని సంగతే చెబుతాను.

ఆ కథ పుట్టింది మలయాళంలో. 1993లో మధు ముట్టం రచనతో, ఫాజిల్ దర్శకత్వంలో వచ్చిన ‘మణిచిత్రతాళు’ దానికి మూలం; అందులో నటించిన శోభనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం వచ్చింది. 2004లో పి. వాసు దానిని కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా తీశారు, మరుసటి ఏడాది ఆయనే రజనీకాంత్, జ్యోతికలతో తమిళంలో ‘చంద్రముఖి’ తీశారు, అదే డబ్బింగై మనకు వచ్చింది. 2007లో హిందీలో ‘భూల్ భులయ్యా’ తీసిన ప్రియదర్శన్, మూలచిత్రానికి రెండో యూనిట్‌లో పనిచేసిన దర్శకుల్లో ఒకరు. చెన్నై శాంతి థియేటర్‌లో ‘చంద్రముఖి’ 800 రోజులకు పైగా ఆడింది. మలయాళ చిత్రాన్నయితే ముప్పై ఏళ్లు దాటాక, 2024లో, బాగుచేసిన ప్రింటుతో మళ్లీ థియేటర్లకు తెచ్చారు.

ఇన్ని ఊళ్లు తిరిగిన ఆ కథలో ఒక సంగతి గమనించావా? దెయ్యం పట్టినట్టు ప్రవర్తించే ఆ ఇంటి ఇల్లాలు, పూనకంలో ఆ ఇంటి భాష మాట్లాడదు. మలయాళంలో ఆమె తంజావూరు నర్తకిగా మారి తమిళం మాట్లాడుతుంది. హిందీలో బెంగాలీ మాట్లాడుతుంది. తమిళ సినిమాలో చంద్రముఖి తెలుగు నర్తకి. అక్కడ ఆమె పాడే ‘రా రా’ పాటను తెలుగులో రాసింది మన భువనచంద్ర. తెలుగులోకి వచ్చేసరికి అదే పాట తమిళమైపోయి ‘వారాయ్’ అని మొదలైంది. ప్రతిసారీ పొరుగువారి భాషనే ఎంచుకున్నారు. బొత్తిగా తెలియని భాష అయితే అది చెవికి వట్టి శబ్దం. పూర్తిగా మనదే అయితే అందులో వింత లేదు. సగం అర్థమై సగం జారిపోయే భాష వినిపించినప్పుడే, మన ఇంట్లో మనకు తెలియని మనిషి ఎవరో ఉన్నారన్న జంకు పుడుతుంది.

మన చిత్తూరు వాళ్లకు ఈ విషయం ఇంకో రకంగా తెలుసు. నగరి, పుత్తూరు, కుప్పం వైపు తమిళం సంతలో వినిపించే భాష, వియ్యాలవారి భాష. 2005లో చిత్తూరులో నేను ఆ సినిమా చూసిన రాత్రి నా వెనుక వరుసలో ఒక పెద్దావిడ, తెరమీద చంద్రముఖి అంటున్న ప్రతి మాటకూ తమిళంలోనే, పక్కింటి కోడలికి నచ్చజెప్పినట్టుగా, మెల్లగా జవాబు చెబుతూ వచ్చింది. చుట్టుపక్కల వాళ్లం నవ్వు ఆపుకోలేకపోయాం. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఆమె మనవడు రెండు చేతులతో ఆమె మోచేయి పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు; ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. ఒకే బెంచీ మీద నవ్వు, భయం, జాలి మూడూ కూర్చుని ఉండటం ఆ రోజు చూశాను. ఈ రకం కథ రాసేవాడికి అంతకు మించిన పాఠం నాకు తెలియదు.

ఇప్పుడు నీ స్క్రిప్టు దగ్గరికి వస్తాను. నీ ఇంట్లో తొమ్మిది మంది ఉన్నారు, తొమ్మిది మందీ చమత్కారంగానే మాట్లాడతారు. గజ్జెల చప్పుడు వినిపించగానే బావగారు ఒక పంచ్ వేస్తాడు, దానిపైన మేనమామ ఇంకొకటి వేస్తాడు. ఒక్కరూ భయపడరు. భయపడని వాళ్లను చూసి ప్రేక్షకుడు ఎందుకు నవ్వుతాడు? ‘చంద్రముఖి’లో వడివేలు పాత్రను గుర్తు చేసుకో. ఆయన నవ్వించాలని ప్రయత్నిస్తున్నట్టు ఒక్క క్షణం కూడా కనిపించదు. ఆ మనిషికి నిజంగానే ప్రాణం మీదికి వచ్చింది. పక్కన కథానాయకుడు నిబ్బరంగా నడుస్తుంటే ఇద్దరి భయమూ ఆయన ఒక్కడే మోస్తాడు. హాల్లో కూర్చున్న మన భయాన్ని కూడా ఆయనకే అప్పగించి మనం తేలికపడతాం. ఆ తేలికే నవ్వుగా బయటికి వస్తుంది. అందుకని తొమ్మిది మందిలో ఒక్కరికి మాత్రం నిఖార్సయిన భయం ఇచ్చి, మిగిలిన వాళ్ల చమత్కారాలను చాలావరకు తీసేయి.

నవ్వు ఎక్కడ ఆపాలన్నది అంతకంటే కష్టమైన పని. మూలచిత్రంలో ఆ ఇల్లాలు నగలు కొనడానికి బయటికి వెళ్తానంటుంది, భర్త వద్దంటాడు. ఏ ఇంట్లోనైనా జరిగే పోట్లాట. ఎందుకు వెళ్లకూడదని ఆమె అడుగుతున్న కొద్దీ గొంతు మారుతుంది, భాష మారుతుంది, ఒక చేత్తో మంచాన్ని పైకెత్తేస్తుంది. అంతవరకు బోలెడన్ని నవ్వులు పంచిన కథ ఆ గదిలో ఒక్క జోకు కూడా వేయదు. నువ్వు నీ పతాక సన్నివేశంలో కూడా బావగారి చేత మాట్లాడించావు. దానితో మొదటి నుంచి పోగుచేసినదంతా కారిపోయింది.

కథ తెలిసినా మళ్లీ చూడాలని ఎందుకు అనిపిస్తుందన్నావు కదా. మొదటిసారి చూసేటప్పుడు మన అనుమానమంతా ఇంకో అమ్మాయి మీద ఉంటుంది. అందుకు తగ్గట్టే రచయిత మన కళ్లను నడిపిస్తాడు. రెండోసారి మనకు ఆ ఇల్లాలు గంగ సంగతి తెలుసు. అందరూ నవ్వుకుంటున్న దృశ్యాల్లో ఆమె ఎక్కడ నిలబడి ఉంది, ఎవరి మాట వింటోంది, ఆ మూసిన గది వైపు ఎప్పుడు చూసింది అని వెతుక్కుంటాం. నవ్వించే దృశ్యమే రెండోసారి దిగులు పుట్టిస్తుంది. చివరికి ఆ ఇంట్లో దెయ్యం లేదు, జబ్బుపడిన ఒక స్త్రీ మనసు ఉంది, దానిని ఎగతాళి చేయకుండా నయం చేసే వైద్యుడు ఉన్నాడు. తర్వాత వచ్చిన కొన్ని సీక్వెల్స్ గజ్జెలనూ, పాటనూ, కోటనూ తీసుకున్నాయే గాని ఆ జాలిని తీసుకోలేదని నా అభిప్రాయం.

ఇది నేర్చుకోవడానికి సినిమాల దాకా కూడా పోనక్కరలేదు. మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర నువ్వు చూసే ఉంటావు. బైరాగి, బండ, తోటి వేషాలు కట్టినవాళ్లు వీధుల్లో నోరారా బూతులు తిడుతుంటే తిట్టించుకున్నవాళ్లు చేతులు జోడిస్తారు. ఊరంతా నవ్వుతూనే ఉంటుంది. అయితే ఆ వేషాలన్నీ ఆడవాళ్లను చెరపట్టి, తర్వాత ప్రాణభయంతో దాక్కున్న పాలెగాడి కోసం అమ్మవారు మారువేషాల్లో సాగించిన వెతుకులాట. దొర వేషంలో వాణ్ణి చంపిన తర్వాత, మాతంగి వేషంలో వెళ్లి వాడి భార్యను ఓదారుస్తుంది. ఆ ఓదార్పును కథలో ఉంచిన మన పూర్వులు ఎంత గొప్ప కథకులో ఆలోచించు. నీ మిద్దెలో చచ్చిపోయిన ఆవిడకు ఏం అన్యాయం జరిగిందో నీ స్క్రిప్టులో ఎక్కడా లేదు. ఆమెను ఎవరూ ఓదార్చలేదు. గజ్జెలు మాత్రమే ఇచ్చావు.

నీ కథలో నాకు బాగా నచ్చినది అటక దృశ్యం. విందు వేళకు ఊరగాయ జాడీ దింపాలి, నిచ్చెన వేశారు, మేనమామ పైకెక్కాడు. దానిని బావగారి మాటలతో పాడుచేయకు. మేనమామ పైన చీకట్లో తడుముతుంటే కింద వాళ్లు వంకాయ కూర చల్లారిపోతోందని కేకలు వేయనివ్వు. అతని చేతికి ముందు జాడీ మూతకు కట్టిన గుడ్డ తగలాలి, తర్వాత జాడీ పక్కన ఇంకేదో గుడ్డ, మెత్తగా, పట్టులా తగలాలి. అతను అరవకూడదు. వియ్యాలవారి ముందు పరువు పోతుందని నోరు నొక్కుకుని, జాడీని ఛాతీకి హత్తుకుని, ఒక్కొక్క మెట్టే దిగాలి. కింద అందరూ అన్నం కలుపుకుంటుండగా ఆయన మాత్రం తన చెయ్యి కంచంలో పెట్టకుండా అలా చూసుకుంటూ ఉండిపోవాలి. ఆ పట్టుగుడ్డ ఎవరి పెళ్లి చీరో మాత్రం నువ్వు తేల్చుకోవాలి.

ఈ ఒక్క దృశ్యం తిరగరాసి పంపు, మిగతావి ఇప్పుడే ముట్టుకోవద్దు. జాతర మొదలయ్యే నాటికి తిరుపతి వచ్చి మా ఇంట్లోనే దిగు. మాతంగి వేషం రోజున ఇద్దరం కలిసి వెళ్దాం.