వెలుతురు కోసం ఆగాలి

చిరంజీవి సింధుకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన వంజంగి ఫొటోలు చూశాను. కొండల మధ్య మబ్బులన్నీ బూడిద కలిపినట్టు వచ్చాయని టెన్షన్ పడుతున్నావట. కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్ తన ఎదుట ఏమున్నా నడిమి బూడిద రంగు అనుకునే లెక్క కడుతుంది. తెల్లటి పొగమంచును చూపిస్తే దాన్నీ మసక చేసేస్తుంది. అందుకే మంచులో ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచు, అంటే కెమెరాలోకి వెలుతురు రెట్టింపు రానివ్వు. నల్ల గొంగడి కప్పుకున్న మనిషిని దగ్గరగా తీస్తుంటే తగ్గించు. ఫిల్మ్ రోజుల్లో ఇది తెలియక లంబసింగిలో 36 ఫొటోల రీలు మొత్తం పోగొట్టుకున్నాను. ప్రింట్లు చేతికొచ్చిన రోజు అన్నం సయించలేదు.

సెట్టింగులు నెల రోజుల్లో వచ్చేస్తాయమ్మా. నాకు బెంగగా ఉన్నది ఇంకొకటి. నీ ఫొటోల మీద టైమ్ చూశాను. మొదటిది 6:40, చివరిది 6:52. చీకట్లో అంత కొండ ఎక్కి పన్నెండు నిమిషాలకే దిగిపోయావా!

ఈసారి సూర్యోదయానికి అరగంట ముందే పైన ఉండు. అప్పుడు ప్రపంచమంతా నీలంగా ఉంటుంది. పొద్దు పొడిచాక వెలుతురు ఏటవాలుగా, చాలా గాలిని దాటుకుని రావాలి. ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు, పసుపు మనదాకా వస్తాయి. గడ్డిపరకకు కూడా పొడుగాటి నీడ పడుతుంది. అందరూ అప్పుడే టీ కోసం దిగిపోతారు. నువ్వు దిగకు. ఎండ కాస్త ఎక్కి మంచు విచ్చుకుంటున్నప్పుడు చెట్ల సందుల్లోంచి కిరణాలు చారలు చారలుగా దిగుతాయి. సూర్యుడికి కాస్త ఎదురుగా నిలబడితేనే అవి కనిపిస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వీలు చూసుకుని నల్గొండ దగ్గర పానగల్లు వెళ్లు. ఛాయా సోమేశ్వరాలయంలో, గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ ఉంటుంది. బయట సూర్యుడు కదులుతున్నా అది పగలంతా అక్కడే ఉంటుంది. ఎండ నేరుగా తగలదు. పక్కలనుంచి పరుచుకుని వచ్చే వెలుతురు స్తంభాల మధ్యగా లోపలికి వస్తుంది, ఆ స్తంభాల నీడలన్నీ కలిసి ఒక్కటిగా నిలుస్తాయి. దాదాపు వెయ్యేళ్ల కిందట ఆ శిల్పులు వెలుతురును ఎంతగా గమనించి ఉంటారో! కెమెరా సంచిలోనే ఉంచి, గంటసేపు ఊరికే కూర్చుని చూడు. వెలుతురు ఏ వైపునుంచి వస్తోంది, ఎక్కడ మెత్తబడుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అని నీకు నువ్వే చెప్పుకో.

ఇంట్లోనూ ఇదే చెయ్యొచ్చు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన నానమ్మను కూర్చోబెట్టు. ఫ్లాష్ వద్దు, గదిలో లైట్లు ఆర్పెయ్. ముఖం సగం వెలుగులో, సగం నీడలో ఉండేలా నువ్వు జరుగు, ఆవిడను జరపకు. బియ్యం ఏరుకుంటూ నిన్ను మరిచిపోయేదాకా ఆగి, అప్పుడు తియ్యి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ఫొటో ప్రింట్ తీయించి పట్రా. ఫోన్‌లో చూపిస్తే ఆవిడకు ఆనదు. చేత్తో పట్టుకుని, గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి చూసుకుంటుంది.

ప్రేమతో,
పెదనాన్న