వాడిన ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ బలం అందే) రెనో డస్టర్ కారు కుటుంబానికి పనికొస్తుందా?

నల్లగొండ పట్టణంలోనే తిరిగేవారికి అనవసరం. దేవరకొండ, అచ్చంపేట వైపు పొలం ఉన్నవారికి మాత్రం అక్కరకొస్తుంది. 2014లో మన దేశంలో విడుదలైన ఈ డీజిల్ బండిలో ఏ చక్రాలకు బలం అందాలో ఎంచుకునే మీట ఆటోలో ఉంటే, మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి, అవి జారినప్పుడు వెనక చక్రాలకూ బలం అందుతుంది. నిరుడు వానకాలం మా బండి నల్లరేగడి బాటలో రిమ్ముల దాకా దిగబడినప్పుడు, మీటను, ముందు వెనక చక్రాలకు కలిపి బలం పంపే లాక్‌కు తిప్పి మొదటి గేరులో మెల్లగా కదిపితే, ట్రాక్టరును పిలవకుండానే, పిల్లలు దిగకుండానే గట్టెక్కింది.

కొనేముందు నాలుగు టైర్లూ ఒకే రకంవా, సమానంగా అరిగాయా అన్నది తప్పక చూడాలి. రెండే కొత్తవి వేసి ఉంటే, చుట్టుకొలతల తేడా వల్ల వెనక చక్రాలకు బలం పంపే క్లచ్చు వేడెక్కి దెబ్బతినవచ్చు, ఆ ఖర్చు టైర్ల ధరను మించిపోతుంది. ఇంజన్ లోపలి భాగాల కదలికలను జతపరిచే టైమింగ్ బెల్టు మార్చిన రశీదూ అడగండి. విడిభాగాల కోసం మేము హైదరాబాదుకే పోతున్నాము.