కెకోలో బల్ల చేయించుకునే ముందు

రవీ,

దార్ ఎస్ సలామ్‌లో ఇల్లు కుదిరిందని, ఫర్నిచర్ అంతా మ్నింగా అనే అక్కడి అడవి చెక్కతోనే చేయించేద్దామని స్వాతి పట్టుబడుతోందని రాశావు. అంతా వద్దురా. భోజనాల బల్ల ఒక్కటీ ఊళ్లో ఫర్నిచర్ పనివాళ్లుండే కెకో పేటలో మ్నింగాతో చేయించుకోండి. మంచాలకీ బీరువాకీ మ్టిబ్వా, లోంగుజా తోటల టేకు దొరుకుతుంది, వంటింటి అరలకి సావో హిల్ పైన్ చాలు.

టేకుకి తోటలున్నాయి, మ్నింగాకి చెప్పుకోదగ్గవి లేవు. బజారుకొచ్చేదంతా దాదాపు టబోరా, కటావి వైపు మియోంబో అనే పొడి అడవుల్లో దానంతటది పెరిగిన చెట్టే. విత్తనం మొలిచాక కొన్నేళ్లపాటు, ఎండాకాలం రాగానే పైన కాండం ఎండి చచ్చిపోతుంది, లోపల వేరు మాత్రం లావెక్కుతూ ఉంటుంది, వానలకి మళ్లీ చిగురు, మళ్లీ ఎండడం, ఇలా వేరు బాగా బలిశాక గానీ కాండం నిలబడదు. నర్సరీలో పెంచి నాటడం కష్టమయ్యేది అందుకే. ఆ తర్వాత కూడా కోతకొచ్చే లావు కావాలంటే ఒక మనిషి జీవితమంత కాలం పడుతుంది. అలాంటి చెక్కతో చెప్పుల స్టాండు చేయించడానికి నాకైతే మనసొప్పదు.

మన ఎర్రచందనానికీ వేగిసకీ ఇది దగ్గరి చుట్టమే, మూడూ ప్టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతి చెట్లే. గాటు పెడితే ఎర్రటి రసం కారుతుంది. కాయకి వేగిస కాయలాగే చుట్టూ రెక్క ఉంటుంది, కాకపోతే మధ్యలో బిరుసు వెంట్రుకలు. చెక్క గుణం మాత్రం గొప్పది, ఒకసారి బాగా ఆరిందంటే సముద్రపు తేమకి కూడా పెద్దగా ఉబ్బదు, వంకరపోదు, చేవకి చెదపురుగు భయం తక్కువ.

ఇక కొనడం సంగతి. షాపులో పాలిష్ వేసి నిలబెట్టిన సరుకు చూసి మురిసిపోవద్దు, తేలిక చెక్కకి రంగు పూసి మ్నింగా అని అంటగట్టేవాళ్లు ఉంటారు. పాలిష్ వేయకముందు పలకలు చూపించమను. నీ ఎదురుగా ఒక మూల చిత్రిక పట్టించు, లోపల బంగారు ఛాయ గోధుమరంగు, దాంట్లో అక్కడక్కడా ఎర్ర చారలు కనబడాలి. అంచున పాలిపోయిన తెల్ల చెక్క ఉంటే ఆ పలక పక్కన పెట్టించు, పురుగు పట్టేది అక్కడే. ఫుండీ, అంటే అక్కడి వడ్రంగి, 'ఆరిందే సార్' అంటాడు, ఎవరైనా అనేది అదే, తేమ కొలిచే చిన్న మీటరు ఉంటే జేబులో వేసుకెళ్లు. పచ్చి చెక్కతో బల్ల చేస్తే మీ ఏసీ గదిలోకి వచ్చాక అతుకులు విడిపోతాయి.

అక్కడి అడవి శాఖ (టీఎఫ్‌ఎస్) ఇచ్చే రవాణా పాసూ, దుంగల మీద సుత్తితో కొట్టే ఆ శాఖ ముద్రా ఉన్న సరుకేనా అని అడుగు. పలక కోశాక ముద్ర కనబడకపోవచ్చు, కాబట్టి బిల్లూ పాసూ చూపించమనడమే దారి. అడగగానే మొహం మాడ్చుకున్నవాడి దగ్గర కొనకు. మరీ చవగ్గా చెబితే అస్సలు కొనకు.

ఇంకోటి, మీ నాన్న హైదరాబాద్ ఇంటి గుమ్మాలకి నాలుగు పలకలు పంపమంటున్నాడట. ఆ టెన్షన్ నీకెందుకు? అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ ఉంది కదా, 2022లో పనామాలో జరిగిన దాని సమావేశంలో ఆఫ్రికా ప్టెరోకార్పస్‌లన్నిటినీ రెండో అనుబంధంలో చేర్చారు, దుంగలకీ కోసిన పలకలకీ ఎగుమతి పర్మిట్ ఉండాల్సిందే. బావకి నేను ఫోన్ చేసి చెప్తాలే, గుమ్మాలకి అక్కడే టేకు చూసుకోమంటాను.

పిల్లాడికి ఆయాసం ఉంది కదా, వర్క్‌షాపుకి తీసుకెళ్లకు, ఈ రంపపు పొట్టు ముక్కులోకి పోతే మంచిది కాదు. నువ్వూ మాస్కు కట్టుకో. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వొద్దు. బల్లకి ముదురు రంగు వద్దని, ఉత్త నూనె పాలిష్ చాలని ముందే గట్టిగా చెప్పు, చెప్పకపోతే వాళ్లే పూసేస్తారు.

మీ మామయ్య