పాకెట్ వెనకవైపు చదివించండి

ప్రశ్న: మేడమ్, మేం నలుగురం. సరుకులకని తీసిపెట్టిన డబ్బు మూడో వారానికే అయిపోతోంది. ఒంటికి మంచివి కొందామంటే మావారు "అవన్నీ డబ్బున్నవాళ్లకి" అంటారు. పిల్లలు రంగురంగుల పాకెట్ల దగ్గరే ఆగిపోతారు. వీళ్లకి ఎలా నేర్పాలి?
– ఒక గృహిణి

జవాబు: ఇంట్లో కూర్చోబెట్టి చెప్పకండమ్మా, షాపుకి తీసుకెళ్లండి. క్లాసులు మొదలుపెట్టిన కొత్తలో నేను బోర్డు మీద విటమిన్ల పేర్లు రాసేదాన్ని. అందరూ తలూపేవాళ్లు. ఇళ్లకి వచ్చే సరుకులు మాత్రం అవే.

ఆ తర్వాత నుంచి కుటుంబాలతో కలిసి షాపుకే వెళ్తున్నాను. ఓసారి పదేళ్ల పాప పళ్ల బొమ్మలున్న అరలీటరు డ్రింకు సీసా పట్టుకుంది. వెనక ఏం రాసి ఉందో చదవమన్నాను. ఏ పదార్థం బరువు ఎక్కువో అదే ముందు రాస్తారు. మొదట నీళ్లు, తర్వాత చక్కెర, పళ్ల రసం ఎక్కడో కింద. 100 మిల్లీలీటర్లకు 12 గ్రాముల చక్కెర అని ఉంది. టీస్పూనుకి దాదాపు 4 గ్రాములు పడుతుందని చెప్పాను, అంతే. వేళ్ల మీద లెక్కేసుకుని "పదిహేను స్పూన్లా!" అంది. సీసా తనే తీసుకెళ్లి పెట్టేసి వచ్చింది.

మీవారి మాట కొట్టిపారేయకండి, కొన్ని నిజంగానే ఖరీదు. లెక్క ఆయనకే అప్పజెప్పండి. చిన్న పాకెట్, పెద్ద పాకెట్ పక్కపక్కన పెట్టి 100 గ్రాములకు ఎంత పడుతుందో చూడమనండి. చాలాసార్లు పెద్దదే చవక, కానీ ప్రతిసారీ కాదు. ఉడికించి డబ్బాలో పెట్టిన గింజలతో ఎండు గింజలను పోల్చేటప్పుడు, ఎండువి ఉడికాక రెట్టింపు బరువు దాటుతాయని గుర్తుంచుకోవాలి. ఫ్రోజెన్ కూరగాయలంటే చిన్నచూపు వద్దు. కోసిన కొద్ది గంటల్లోనే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాలు బాగానే నిలుస్తాయి, వాడినంత తీసుకుని మిగతాది దాచుకోవచ్చు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది చెత్తబుట్ట. ఎంతో ఆశగా కొన్న ఆకుకూర నాలుగో రోజుకి కవర్లోనే నీరుకారిపోతుంది. ఒక్క వారం పాటు, ఏం పారేస్తే అది ఫ్రిజ్ తలుపు మీద కాగితంలో రాయండి. పిల్లల చేత రాయిస్తే ఇంకా మంచిది. వచ్చేసారి షాపుకి ఆ కాగితం కూడా పట్టుకెళ్లండి.