తిరిగే తుపాకీ స్టాండు: తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. నాకు 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు ఉంది. తమ్ముడి పేరుతో పాయింట్ 315 రైఫిల్ ఉంది. వాడు చెన్నైలో ఉద్యోగం చేస్తూ రెండు నెలలకోసారి వస్తుంటాడు, రైఫిల్ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. మా నాయన చనిపోయి ఎనిమిది నెలలైంది. ఆయన సింగిల్ బ్యారెల్ 12 బోరు కూడా మా దగ్గరే ఉంది. ఇవిగాక ఒక ఎయిర్ గన్ను, అటక మీద తాతల నాటి మందు దట్టించే తుపాకీ ఉన్నాయి. చుట్టూ పన్నెండు తుపాకులు నిలబెట్టి చేత్తో తిప్పుకునే స్టాండు ఫోటోలో చూశాను. నెల్లూరులో ఒక వెల్డింగు షాపతను అలాంటిది చేసిస్తానంటున్నాడు. దాన్ని హాల్లో పెట్టుకోవచ్చా? పర్మిషన్ కావాలా? అన్నీ అందులోనే ఉంచితే ఏమైనా ఇబ్బందా?

జవాబు: స్టాండుకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. 1959 ఆయుధాల చట్టం దృష్టిలో ఆయుధమంటే ఆయుధం, దాని విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు. తుపాకీని నిలబెట్టే చెక్క, ఇనుము ఆ లెక్కలోకి రావు. వెల్డింగు షాపతనికీ లైసెన్సు పనిలేదు. చట్టం చూసేది ఆ తుపాకీ ఎవరి చేతికి అందుతున్నదని. మీరు రాసిన అయిదింటిలో ఈ రోజున మీరు నిశ్చింతగా చేతపట్టగలిగినవి రెండే: మీ డబుల్ బ్యారెల్, ఎయిర్ గన్ను. ఎయిర్ గన్నుకైనా బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, పాయింట్ 177 అంగుళాలు మించకూడదు, శక్తి 20 జౌల్స్ దాటకూడదు. దాటితే దానికీ లైసెన్సు కావాలి. అందుకని స్టాండు కొలతలు తర్వాత చెప్పుకుందాం. ముందు మిగతా మూడింటి సంగతి తేలాలి.

అన్నిటికంటే తొందరగా చూసుకోవాల్సింది మీ నాయన తుపాకీ. లైసెన్సు మనిషికిచ్చేదే గాని ఇంటికిచ్చేది కాదు. ఆయనతోనే అది ముగిసింది. ఏ కారణం వల్లనైనా తుపాకీ ఉంచుకునే హక్కు పోతే, అనవసర ఆలస్యం లేకుండా దాన్ని దగ్గరి పోలీసు స్టేషనులోగాని, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరగాని డిపాజిట్ చేయాలని సెక్షన్ 21 చెబుతుంది. ఎనిమిది నెలలంటే ఆలస్యమే. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నవారికి సెక్షన్ 25 కింద, 2019 సవరణ తర్వాత, రెండేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు, పైన జరిమానా. తండ్రి గుర్తుగా ఉంచుకున్నామంటే కోర్టు సానుభూతితో వినవచ్చుగాని నేరం నేరమే.

అలాగని ఇవాళే దాన్ని గోనెసంచిలో చుట్టి బస్సెక్కకండి. మీ పేర లైసెన్సు లేని తుపాకీని రోడ్డు మీదికి తేవడం మరో చిక్కు. మరణ ధ్రువపత్రం, నాయన అసలు లైసెన్సు పుస్తకం తీసుకుని, తుపాకీ ఇంట్లోనే ఉంచి, స్టేషను అధికారికి అర్జీ ఇవ్వండి. ఎలా అప్పగించాలో ఆయన చేత రాతలో తీసుకోండి. పక్కన ఒక వకీలు ఉంటే మంచిది. అప్పగించాక ఇచ్చే రసీదులో తుపాకీ తయారీ పేరు, నంబరు, బోరు, తూటాల లెక్క, గొట్టం లోపలి స్థితి ఉండేలా చూసుకోండి. స్టేషను గదిలో తుప్పు పట్టిన తుపాకీ తిరిగొచ్చినప్పుడు అడగడానికి ఆ ఒక్క లైనే ఆధారం.

తర్వాత 2016 ఆయుధాల నియమాల్లోని 25వ నియమం కింద, వారసుడిగా మీ పేరుకు మార్చమని కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారసుల సర్టిఫికెట్, అమ్మా తమ్ముడూ తక్కిన వారసులూ అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్లు, డిపాజిట్ రసీదు జతచేయండి. పోలీసు విచారణ మామూలుగా జరుగుతుంది. ఒక మనిషికి మూడు తుపాకులున్న పరిమితిని 2019లో రెండుకు తగ్గించారు, వారసత్వంగా వచ్చేదీ ఆ రెండులోనే లెక్క. మీకిప్పుడు ఒకటుంది గనుక ఇది రెండోది అవుతుంది, అక్కడితో మీ కోటా నిండుతుంది. డిపాజిట్ చేసి ఊరుకోవద్దు. గడువులోగా తిరిగి తీసుకోకపోయినా, లైసెన్సున్నవారికి అమ్ముకోకపోయినా దాన్ని ప్రభుత్వానికి జప్తు చేసే అధికారం జిల్లా మెజిస్ట్రేటుకు ఉంది.

అటక మీది మందు తుపాకీ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది: పాతదైతే లైసెన్సు అక్కర్లేదని. సెక్షన్ 45 ఇచ్చే మినహాయింపు కాలం చెల్లిన, పురాతనమైన లేదా పాడైపోయిన ఆయుధానికే, అదీ మరమ్మతు చేసినా చేయకపోయినా పేలని స్థితిలో ఉన్నప్పుడే. గుర్రం, అంటే ట్రిగ్గర్ నొక్కితే పడి మందును పేల్చే సుత్తి, విరిగిందిగదా అంటే చాలదు, గుర్రం మార్చితే పేలేదైతే అది తుపాకీయే. కమ్మరి దగ్గర గొట్టం మూయించి గోడకు తగిలిద్దామని మాత్రం అనుకోవద్దు. తాత పేర పాత లైసెన్సు ఏదైనా పెట్టెల్లో దొరుకుతుందేమో వెతికి, నాయన తుపాకీతో పాటే ఆ అర్జీలో దీన్నీ చూపండి. లైసెన్సు ఎప్పుడూ లేకపోతే, స్టేషనుకు వెళ్లేముందు వకీలుతో కూర్చోవడం తప్పనిసరి.

ఇక తమ్ముడి రైఫిల్. ఒకరి లైసెన్సు మీద ఉన్న తుపాకీని మరొకరు పట్టుకోవడానికి సెక్షన్ 3 ఇచ్చే సందు చాలా ఇరుకు: లైసెన్సుదారు ఎదుటగాని, అతను రాసిచ్చిన అనుమతితోగాని, మరమ్మతుకు, లైసెన్సు రెన్యువల్‌కు, లేదా అతని వాడకానికి తీసుకెళ్లవచ్చు. అతను చెన్నైలో ఉంటే రెండు నెలలు మన స్టాండులో నిలబెట్టుకోవడం అందులో లేదు. స్వాధీనమంటే చేత్తో పట్టుకోవడమే కాదు, తెలిసి తన అదుపులో ఉంచుకోవడం కూడా స్వాధీనమేనని గున్వంత్‌లాల్ కేసులో 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తాళంచెవి మీ మొలతాడుకు ఉంటే ఆ రైఫిల్ మీ అదుపులో ఉన్నట్టే. పైగా సెక్షన్ 35 ప్రకారం, ఉమ్మడిగా ఉండే చోట నేరానికి సంబంధించిన ఆయుధం దొరికితే, అక్కడుందని తెలిసినవారందరి మీదికీ కేసు వస్తుంది, తమకు సంబంధం లేదని వాళ్లే రుజువు చేసుకోవాలి. అంటే మీ అమ్మ, మీ భార్య కూడా. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. తుపాకీ ముట్టని ఆడవాళ్లు స్టేషను మెట్లెక్కాల్సి వస్తుంది. తమ్ముడు ఊరికి పోయేటప్పుడు రైఫిల్‌ను డీలరు దగ్గర సేఫ్ కస్టడీలో పెట్టి రసీదు తీసుకోవాలి. నివాసం పూర్తిగా చెన్నైకి మారితే ఆ మార్పును లైసెన్సు అధికారికి తెలియజేయాలి.

ఇప్పుడు స్టాండు. ఆ ఫోటోలోది పన్నెండు, పదహారు తుపాకులు ఒక్కడే ఉంచుకోగల దేశాల కోసం చేసింది. లోతైన అలమరలో వెనక ఉన్నదాన్ని ముందువాటిని కదపకుండా తీయడానికే తిప్పే ఏర్పాటు. రెండు తుపాకులకు ముందూ వెనకా ఉండదు. కుటుంబంలో నలుగురికి లైసెన్సులుంటే ఇంకా పనికిరాదు, ఎందుకంటే తలుపు ఒక్కటే, తెరిచినవాడికి అందరివీ తిరిగి వచ్చి చేతికందుతాయి. ఎవరి లైసెన్సు తుపాకులు వారి బీరువాలో, వారి తాళం కింద ఉండాలి. నా మాటగా అయితే మామూలు బీరువాలో నేరుగా నిలబెట్టే గాళ్ల చట్రం చాలు.

తిరిగేదే కావాలనుకుంటే హాల్లో బయటికి కనిపించేలా వద్దు, తాళమున్న ఇనుప పెట్టె లోపల చేయించండి. లైసెన్సు దరఖాస్తుతో తుపాకీని సురక్షితంగా ఉంచుతానని మీరు పూచీ రాసిచ్చారు. హాల్లో తాళం లేని స్టాండు ఆ పూచీకి ఎదురు సాక్ష్యం. లైసెన్సు షరతు తప్పితే సెక్షన్ 30 కింద ఆరు నెలల దాకా జైలు లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. సెక్షన్ 17 కింద లైసెన్సు రద్దూ కావచ్చు. ఇంట్లో పిల్లవాడి చేతికి చిక్కి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద నిర్లక్ష్యపు మరణం కేసు, అయిదేళ్ల దాకా శిక్ష.

మొదట తప్పేది కొలతల దగ్గరే. మడమ (భుజానికి ఆనించే చెక్క చివర) అంచు వైపు, గొట్టం మధ్య స్తంభం వైపు వాలేలా నిలబెట్టాలంటే కింది పళ్లెం 22 అంగుళాల అడ్డకొలత ఉండాలి. మడమ పొడవే అయిదు అంగుళాలు, గొట్టం దానికంటే రెండంగుళాలు లోపలికి ఉంటుంది. మామూలు ఇనుప బీరువా బయటి లోతు 19 అంగుళాలు, లోపల ఇంకా తక్కువ. అందులో ఈ పళ్లెం పట్టదు. పళ్లెం చిన్నది చేస్తే గొట్టాలు స్తంభానికి గుద్దుకుంటాయి. కాబట్టి లోపల 26 అంగుళాల చదరం, 58 అంగుళాల ఎత్తుతో వేరే పెట్టె కావాలి. 30 అంగుళాల గొట్టమున్న డబుల్ బ్యారెల్ మొత్తం పొడవు 46 నుంచి 48 అంగుళాలు వస్తుంది, వాల్చి పైకెత్తి తీయడానికి పైన ఆ చోటు అవసరం. రేకు 2 ఎం.ఎం. వాడితే దాని బరువే సుమారు 75 కిలోలు. ఇద్దరు మనుషులు ఎత్తి ఆటోలో వేసుకుపోగల బరువు అది. అందుకే వెనక రెండు, అడుగున రెండు 10 ఎం.ఎం. యాంకర్ బోల్టులతో బిగించాలి. కాంక్రీటు నేలలో, కాల్చిన ఇటుక గోడలో బోల్టు పట్టుకుంటుంది. పాత మిద్దెల మట్టిగోడలో లాగితే ఊడొస్తుంది, అక్కడ నేలకే నాలుగూ వేయండి.

కింది పళ్లెం 18 ఎం.ఎం. ప్లైవుడ్. దాని కింద 12 అంగుళాల పళ్లెపు బేరింగు. మధ్యలో ఒకటిన్నర అంగుళాల, 3 ఎం.ఎం. మందపు ఇనుప పైపు. మూడున్నర కిలోల తుపాకులు నాలుగున్నా బరువు బేరింగుకు లెక్కలోది కాదు, అసలు సమస్య ఒరుగు. ఒక పక్కే రెండు తుపాకులుంటే పైపు ఆ పక్కకు వాలి, బేరింగు గోళీలు అక్కడ నొక్కుకుని తిరగడం మొరాయిస్తుంది. పైపు కొసకు 12 ఎం.ఎం. పిన్ను పెట్టి పెట్టె కప్పుకు వెల్డు చేసిన బుష్‌లో తిరిగేలా చేస్తే ఒరగదు. చాలామంది వదిలేసేది ఈ పిన్నునే. పై పళ్లెం 10 అంగుళాలది, కింది పళ్లేనికి 30 అంగుళాల ఎత్తున. రైఫిల్‌కు, సింగిల్ బ్యారెల్‌కు అంగుళంపావు గాడి సరిపోతుంది. రెండు గొట్టాలు పక్కపక్కనుండేదానికి రెండంగుళాలు కావాలి. ప్రతి పావు తిరుగుడుకూ ఒక స్ప్రింగు పిన్ను పడేలా పెట్టించండి. లేకపోతే తలుపు తీసిన ఊపుకు స్టాండు తనంతట తాను తిరిగి గొట్టం తలుపు అంచుకు కొట్టుకుంటుంది. భుజం పట్టీలు విప్పి పెట్టండి, తిరిగేటప్పుడు పక్కదానికి చిక్కుకుని లాగేవి అవే.

గాళ్లకు నూలు ఫెల్టు, తోలు వేయొద్దు. మన తీరపు గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో అవి తేమ పీల్చి గొట్టానికి అంటించి ఉంచుతాయి. గాడి ఆకారంలోనే తుప్పు గీత పడుతుంది. 5 ఎం.ఎం. ఈవీఏ ఫోమ్ (తేమ పీల్చని మెత్తటి రబ్బరులాంటి షీటు) మేలు. పెట్టెను బయటి గోడకు ఆనించకుండా లోపలి గోడకు పెట్టండి. అరకిలో సిలికా జెల్ అడుగున ఉంచి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడండి. ముట్టుకున్న ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవాలి, వేలిముద్రల చెమటే మొదటి తుప్పు.

తాళం గొలుసును ట్రిగ్గర్ గార్డులోంచి దూర్చడం తేలికగా కనిపిస్తుందిగాని, స్టాండు తిరిగినప్పుడు అది ట్రిగ్గర్‌ను లాగగలదు. డబుల్ బ్యారెల్‌ను విడదీసి గొట్టాల జతను వేరే తాళం కింద ఉంచడం అన్నిటికంటే భద్రం. రైఫిల్ ఉన్నవారు దాని బోల్టు (తూటాను గొట్టంలోకి తోసి మూసే భాగం) తీసి విడిగా ఉంచాలి. తూటాలు ఎప్పుడూ ఈ పెట్టెలో వద్దు. వేరే ఇనుప డబ్బా, వేరే తాళం, ఆ చెవి వేరే గుత్తికి. పెట్టెలో పెట్టేముందు గొట్టం ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూడండి. తిరిగే స్టాండులో గొట్టం మూతి మీ ముఖం ముందు నుంచి పోతుంది.

కొలతలకని తుపాకీని వెల్డింగు షాపులో వదలొద్దు, ఒక్క రాత్రికైనా. లైసెన్సు లేనివారి చేతికి అప్పగించడమే నేరం. ఇంట్లో మీరుండగా అట్టముక్క మీద మడమ, గొట్టం ఆకారాలు గీసి ఆ అట్ట అతనికివ్వండి. చేసిచ్చాక తాళంచెవులన్నీ, నకలు చెవితో సహా, మీరే తీసుకోండి.

ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయమని నోటీసు వస్తే తూటాల లెక్కతో సహా రసీదు తీసుకోండి. పెట్టె పగలగొట్టి తుపాకీ పోతే ఆలస్యం చేయకుండా స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, ఆ ఎఫ్‌ఐఆర్ నకలుతో కలెక్టరు ఆఫీసుకు రాయాలి. అందుకే లైసెన్సు జిరాక్సు, తుపాకీ నంబరు, రసీదుల నకళ్లు ఆ పెట్టెలో పెట్టకండి, ఇంట్లో ఇంకోచోట ఉంచండి.